లాభం, రెండు, మూడు

మిరపకాయల తొడిమలు తీసిన చేత్తో కన్ను నులుముకోకూడదు. ఈ మాట వినీలకి ఎవరూ చెప్పలేదు. పెళ్ళయి తిరువూరు వచ్చిన నాలుగో రోజున తనే తెలుసుకుంది. కన్ను వాచింది. పెళ్ళికి వచ్చిన చుట్టాలు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. కొత్త కోడలు పుట్టింటి మీద బెంగతో ఏడుస్తోంది అనుకున్నారు. అత్తగారు పరమేశ్వరి కూడా అందరికీ అదే చెప్పింది. మిరపకాయల సంగతి చెప్పలేదు.

పదకొండేళ్ళయింది. ఇప్పుడు కన్ను దురద పెడితే భుజంతో తుడుచుకుంటుంది. రోజూ మధ్యాహ్నం కొబ్బరినూనె రాసుకుని, తరవాత చేతులు మజ్జిగలో పెట్టి కూర్చుంటుంది. మంట కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు. కూతురు హాసినికి ఏడేళ్ళు. తలంటు పోస్తానంటే ఆమడ దూరం పరిగెడుతుంది. "నువ్వొద్దమ్మా, మండుద్ది. నాన్నమ్మని రమ్మను" అంటుంది. పిల్ల తప్పేం లేదు. ఉగ్గుపాల నాటి నుంచీ దానికి అమ్మ చెయ్యంటే మంటే.

ఒక ఆదివారం పొద్దున మరియదాసు తన ట్రాలీ ఆటోలో మిరపకాయల బస్తాలు తెచ్చాడు. మావగారు చంద్రశేఖరం గుమ్మంలో కుర్చీ వేసుకుని లెక్కపెడుతున్నాడు.

"లాభం... రెండు... మూడు..."

ఆయన ఒకటి అనడు. మొదటిదానికి ఎప్పుడూ లాభం అనే అంటాడు. కొలిచి అమ్మే ఇళ్ళలో అంతే. గంపలగూడెంలో వినీల నాన్న కొట్లోనూ అంతే. అక్కడ తమ్ముడికి గద్దె మీద చోటు ఉండేది, వినీలకి కాటా పక్కన స్టూలు. కానీ ముందు లెక్క తేలేది వినీలకే. తమ్ముడు వేళ్ళు మడుస్తూ ఉండగానే ఈ పిల్ల పైసలతో సహా చెప్పేసేది. నాన్న మెచ్చుకునేవాడు. మెచ్చుకుని, "ఏం చేసుకుంటాం, పరాయింటికి పోయే పిల్ల" అనేవాడు. గద్దె మాత్రం ఎక్కనివ్వలేదు.

అత్తింటివాళ్ళు అమ్మేది కూర కారం. కాయలు ఎండబెట్టాలి. తొడిమలు తీయాలి. కాయలు, ధనియాలు, జీలకర్ర, మెంతులు వేయించాలి. వెల్లుల్లి చేర్చి మర పట్టాలి. జల్లించి పావుకిలో, అరకిలో పాకెట్లు కట్టాలి. పాకెట్టు మీద పేరు పరమేశ్వరి కారం. బొమ్మ అత్తగారిది. పట్టుచీర, ముక్కుపుడక, చిరునవ్వు. పాళ్ళు మాత్రం వినీలవి. ఆమె రాకముందు ఆ కొట్టు ఉత్త పిండిమర. కిలో పిండి ఆడిస్తే ఇంత అని తీసుకునేవాళ్ళు. వచ్చిన ఏడాదికి అమ్మ నేర్పిన పాళ్ళతో రెండు కిలోలు కారం చేసి పక్కింటికి పంపింది. పక్కింటావిడ వాళ్ళ చెల్లెలికి పంపింది. అట్లా ఊరంతా పాకింది. ధనియాలు ఎప్పుడు దించాలో వినీలకి చూడకుండానే తెలుస్తుంది. మూకుట్లో గింజ చప్పుడు మారుతుంది. మొదట గరగరలాడుతుంది, తరవాత తేలికపడి గలగలలాడుతుంది. ఆ గలగల మొదలవగానే దించాలి. రెండు నిమిషాలు ఆలస్యమైతే చేదు. ఆ చప్పుడు వినడం వినీలకి ఇష్టం. అబద్ధమెందుకు, ఆ పనంటే ఆమెకి నిజంగానే ఇష్టం. ఆ ఇష్టమే కొంప ముంచింది.

ఎందుకంటే ఇంట్లో అందరూ ఆ మాట పట్టుకున్నారు. "దానికి ఇష్టమండీ, కూర్చోమన్నా కూర్చోదు" అని అత్తగారు వచ్చినవాళ్ళకి చెబుతుంది. జ్వరంలో జల్లెడ పట్టిన రోజున మొగుడు రఘు, "నిన్ను ఎవరు చెయ్యమన్నారు? ఇష్టం కొద్దీ చేస్తావు, మళ్ళీ మూలుగుతావు" అన్నాడు. మర్నాడు ఎ.కొండూరు కొట్లకి నలభై కిలోలు పోవాలని అంతకుముందు రాత్రి చెప్పింది కూడా అతనే.

పోయిన ఏడాది కల్యాణ మండపంలో వర్తకుల మీటింగు జరిగింది. బెజవాడ నుంచి కోటు వేసుకుని ఒకాయన వచ్చాడు. వ్యాపారానికి కావలసింది పెట్టుబడి కాదు, ప్యాషన్ అన్నాడు. ప్యాషన్ ఉంటే డబ్బు దానంతటదే నడిచి వస్తుందన్నాడు. రఘుని స్టేజీ ఎక్కించారు. శాలువా కప్పారు. రఘు మైకు పట్టుకుని, "కారమంటే నాకు ప్రాణమండీ. ఆ ఘాటు తగలకపోతే నాకు తెల్లారదు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. వినీల వెనక ఆడవాళ్ళ కుర్చీల్లో కూర్చుని ఉంది. చేతులు కొంగు కింద ఉన్నాయి. మిరపకాయలు వేగే వాసన వస్తే రఘుకి ఇరవై తుమ్ములు వస్తాయి. మూకుడు పొయ్యెక్కగానే చెప్పులేసుకుని బస్టాండు దగ్గర టీ కొట్టుకి పోతాడు. దించాక ఫోన్ చేస్తే వస్తాడు. పక్క కుర్చీలో ఆవిడ వినీల మోచెయ్యి నొక్కి, "అదృష్టవంతురాలివమ్మా" అంది. వినీల నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

ఆ చప్పట్లు రఘు తలకెక్కాయి. విస్సన్నపేటలో రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని రెండో కొట్టు పెట్టాడు. అక్కడికి వినీల పోదు కాబట్టి నలుగురు ఆడకూలీలని పెట్టాడు. వాళ్ళకి పెద్ద తిరుపతమ్మ. వినీలే మూడు రోజులు పోయి వాళ్ళకి వేపుడు నేర్పి వచ్చింది. అవే కాయలు, అవే పాళ్ళు, అదే పాకెట్టు, అదే రేటు. తిరువూరులో నెలనెలా డబ్బు మిగులుతోంది. విస్సన్నపేటలో సరుకు అంతకంటే బాగా పోతోంది. కానీ నెల తిరిగేసరికి గల్లాపెట్టె ఖాళీ.

రఘుకి అర్థం కాలేదు. ముందు ఆ ఆడవాళ్ళు దొంగలన్నాడు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు కొంగులు దులిపించాడు. టిఫిన్ డబ్బాలు తెరిపించాడు. కెమెరా పెట్టించాడు. కెమెరాలో నలుగురు మనుషులు తొడిమలు తీస్తూ కనిపించారు, అంతే. తరవాత వాస్తు అన్నాడు. మరని తూర్పు నుంచి ఉత్తరానికి తిప్పించాడు. తరవాత కాటా తప్పన్నాడు. అన్నీ అనుమానించాడు, కూడిక తీసివేతల్ని తప్ప.

వినీల ఒకరోజు ఖాళీ పాకెట్టు వెనక పెన్నుతో లెక్క వేసింది. పది నిమిషాలు పట్టింది. భోజనం వడ్డిస్తూ చెప్పింది.

"ఏమండీ, ఇక్కడ కిలోకి ముప్పై నాలుగు మిగులుతోంది. అక్కడ తొడిమలకి, వేపుడికి, జల్లెడకి, పాకింగుకి కూలి కిలోకి ముప్పై ఆరు అవుతోంది. రెండు రూపాయలు ఎదురు పెట్టుకుంటున్నారు. షెడ్డు అద్దె వేరే. ఎంత అమ్మితే అంత పోతుంది."

"మరి ఇక్కడ మిగులుతోందిగా?"

"ఇక్కడ కూలి లేదు కదండీ."

"ఎందుకు లేదు?"

ఎగతాళికి అడగలేదు. నిజంగానే అడిగాడు. ముద్ద కలుపుతూ, తల పైకెత్తి, తెలియక అడిగాడు. వినీల గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఎదురుగా నిలబడి పప్పు వడ్డిస్తున్న మనిషి అతని లెక్కలో ఎక్కడా తగల్లేదు. కాయలకి లెక్క ఉంది, కరెంటుకి లెక్క ఉంది, పాకెట్టు మీద అత్తగారి బొమ్మ అచ్చు వేసినందుకూ లెక్క ఉంది. వీధిలో కుక్కకి వేసే రొట్టె కూడా మావగారు చిట్టాలో ధర్మం కింద రాస్తాడు. ఇన్నేళ్ళూ తాను దేని కింద ఉన్నట్టు?

"నేను చేస్తున్నాను కాబట్టి" అంది.

రఘు నవ్వాడు. "నీకు ఇష్టం కదే! ఇష్టంగా చేసేదానికి కూలేంటి, పిచ్చిదానా. ఇంకాస్త నెయ్యి వెయ్యి."

"రేటు కిలోకి నలభై పెంచండి. అక్కడా నిలబడుతుంది. మన సరుకుకి ఇస్తారు."

"పెంచితే జనం పోతారు. నీకు వంట తెలుసు. వ్యాపారం తెలీదు."

హాల్లోంచి మావగారు అందుకున్నాడు. "ఇంటి లక్ష్మికి కూలి కట్టిన కొంప బాగుపడ్డట్టు నేనైతే వినలేదమ్మా. చిట్టాలో ఇంటివాళ్ళ పేరున కూలి రాయకూడదు. మా తాతల నాటి నుంచీ లేదు."

"నలభై ఏళ్ళు చేశాను" అంది అత్తగారు గుమ్మంలోంచి. "పిండి జల్లించాను, పప్పులు విసిరాను. ఒక్కనాడు అడిగానా?"

వినీల ఆవిడ చేతివైపు చూసింది. కుడి బొటనవేలి గోరు సగం అరిగి నల్లగా ఉంటుంది. మళ్ళీ ఎదగలేదు. పాకెట్టు మీద ఫోటోలో ఆ చెయ్యి పడకుండా తీయించారు. ఆవిడ మాటలో గర్వం ఉంది. గర్వం కింద ఇంకేదో కూడా ఉంది. అడగనందుకు ఆవిడకి ఏం మిగిలిందో వినీల అడగలేదు. బొమ్మ మిగిలింది.

ఆ ఆదివారం, బస్తాలు దించిన రోజునే, మధ్యాహ్నం తీర్పు చెప్పాడు రఘు.

"విస్సన్నపేటలో ఇద్దర్ని మానిపించేస్తున్నా. రేపటి నుంచి నువ్వెళ్ళు. నీ చెయ్యి ఇద్దరి పెట్టు. పొద్దున ఇక్కడి వేపుడు చూసుకుని ఎనిమిది బస్సుకి వెళ్తే సాయంత్రం ఆరింటికల్లా వచ్చేస్తావు. జల్లెడ పని వచ్చాక చూసుకోవచ్చు."

"హాసిని?"

"అమ్మ ఉందిగా. ఎలాగూ నీ దగ్గరికి రాదుగా అది."

రఘుకి ఏదో గుర్తొచ్చి మొహం వెలిగింది. "పైగా బస్సు ఫ్రీ ఆడవాళ్ళకి! ఛార్జీ కూడా దండగ కాదు."

ఆ మాట దగ్గర వినీల లోపల ఏదో చల్లబడింది. అంతదాకా కుతకుతలాడిన కోపం పేరుకుని గడ్డయింది. చేతికి దొరికేలా అయింది. ఇద్దరు ఆడవాళ్ళ కూలి నెలకి పదిహేను వేల పైమాట. ఆ పదిహేను వేలూ మిగిలితే ఏం చేస్తాడో ఆమెకి తెలుసు. మళ్ళీ స్టేజీ ఎక్కుతాడు. విస్సన్నపేట కొట్టుని ఎలా గట్టెక్కించానో చెబుతాడు. తరవాత గంపలగూడెంలో మూడోది పెడతాడు. తాను ఒక్కతే. చేతులు రెండే. ఆ ఇద్దరూ ఎక్కడికి పోతారు? పనికి వద్దన్నారని వాళ్ళిళ్ళలో వాళ్ళ మొగుళ్ళు ఏమంటారు? వాళ్ళ పొట్ట కొట్టడానికి తనని కత్తిలా వాడుతున్నాడు. కత్తికి కూలి అక్కర్లేదు కదా.

"అక్కడ పుస్తకం ఎవరు రాస్తారు?" అని అడిగింది.

"నేనే. సాయంత్రం బండి మీద వచ్చి తూకం వేసి కూలి ఇచ్చేస్తా. ఏం?"

"ఏం లేదు. వెళ్తాను."

సోమవారం ఎనిమిది బస్సెక్కింది. కండక్టరు ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు. వినీల దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది.

షెడ్డులో నలుగురూ ముందే వచ్చి కూర్చున్నారు. ఎవరూ చెయ్యి కదపడం లేదు. రఘు పొద్దునే ఫోన్ చేసి చెప్పాడట. ఇద్దరు మానెయ్యాలన్నాడు, ఏ ఇద్దరో చెప్పలేదు.

తిరుపతమ్మ లేవలేదు. కూర్చునే అడిగింది. "మాలో ఎవర్ని పొమ్మంటారమ్మగారూ? మీరొచ్చింది అందుకేగా?"

"సాయంత్రం దాకా ఆగు."

"సాయంత్రమైతే కడుపు నిండుద్దా?"

"ఆగమన్నాను" అని వినీల ఒక ఖాళీ గోతాం తీసుకుని వాళ్ళ వరసలో నేల మీద కూర్చుంది. కుర్చీ వేయబోతే వద్దంది. గంట గడిచింది. తొడిమ ఊడే చప్పుడు తప్ప ఏం లేదు. వాళ్ళు ఆమె చేతుల్నే చూస్తున్నారు. వేగం చూస్తున్నారు.

చివరికి తిరుపతమ్మే ఉండబట్టలేకపోయింది. "ఏం చేతులమ్మా అవి! రాత్రులు మండవా?"

"మండుతాయి. మీకు?"

"మండితే మండినయ్. ఓసారి మా ఆయన తాగొచ్చి కాళ్ళు పట్టమన్నాడు. కడుక్కోకుండా పట్టా. లేచి కుండలో నీళ్ళన్నీ కాళ్ళ మీద పోసుకున్నాడు. మళ్ళీ ఈనాటికి అడగలా."

అందరూ పకపకా నవ్వారు. వినీల కూడా నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. అలవాటుగా భుజంతో తుడుచుకుంది. పక్కన నలుగురూ భుజాలతోనే తుడుచుకుంటున్నారు.

వాళ్ళలో చిన్నది అడిగింది. "అమ్మగారూ, మీకు రోజుకెంతండీ?"

"ఎంత ఏంటి?"

"కూలి."

"ఛీ, ఊరుకోవే" అంది తిరుపతమ్మ. "కొట్టే వాళ్ళదైతే కూలేంటి?"

వినీల చేతిలో కాయ తొడిమ తుంచి గోతాంలో వేసింది. "కొట్టు నాది కాదు" అంది. ఆ నలుగురూ మొహాలు చూసుకున్నారు. తరవాత తిరుపతమ్మ తన సీసాలో కొబ్బరినూనె కొంచెం వినీల అరచేతిలో పోసింది.

నాలుగున్నరకి రఘు వచ్చాడు. హెల్మెట్టు తీసి, కాటా సరిచేసి, పుస్తకం తెరిచాడు. ఎవరు తీసిన కాయలు వాళ్ళ గోతాంలో ఉన్నాయి. అందరికంటే ముందు వినీల లేచింది. తన గోతాం ఈడ్చుకొచ్చి కాటా మీద పెట్టింది. రఘు తల వంచి పెన్ను మూత తీస్తున్నాడు.

"లాభం" అన్నాడు అలవాటు కొద్దీ. తల ఎత్తి చూశాడు. "నువ్వా! నీదెందుకు తూకం? పక్కన పెట్టు."

"తూచండి."

"ఏంటే ఈ వేళాకోళం?"

"కాటా మీద పడింది చూడండి. ఇరవై ఆరు కిలోలు. కిలోకి పన్నెండు. మూడు వందల పన్నెండు. వినీల అని రాయండి."

రఘు నలుగురి వైపూ చూశాడు. గొంతు తగ్గించాడు. "పనివాళ్ళు చూస్తున్నారు. ఇంటికి పద, మాట్లాడుకుందాం."

"ఇంటి దగ్గర మాట్లాడాను. నెయ్యి వెయ్యమన్నారు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రఘు మొహం ఎర్రబడింది. "సరే, నీది అవతల పెట్టు. తిరుపతమ్మా, నువ్వు రా."

తిరుపతమ్మ తన గోతాం మూతి బిగించింది. దాని మీదే కూర్చుంది. "అమ్మగారిది రాసినాకే మాది తూచండి బాబుగారూ. ఆమె ముందొచ్చింది."

మిగతా ముగ్గురూ కూర్చున్నారు. రఘు కెమెరా వైపు చూశాడు, ఎందుకో. అది తిరుగుతూనే ఉంది.

"మూడు వందల పన్నెండు కోసం ఇంత రచ్చా? ఇదిగో తీసుకో, చీర కొనుక్కో" అని జేబులోంచి ఐదొందల నోటు తీశాడు.

"చీర డబ్బులు వద్దు. పుస్తకంలో రాసి, రాసింది ఇవ్వండి. వీళ్ళలో ఎవర్నీ మానిపించక్కర్లేదు. రేటు నలభై పెంచితే అందరి కూలీ వస్తుంది, అద్దె కూడా వస్తుంది. నేను రోజూ రాను. వచ్చిన రోజున కూలికే వస్తాను. తిరువూరులో కూడా రేపటి నుంచి పుస్తకం పెట్టండి. తొడిమలకి, వేపుడికి, జల్లెడకి, పాకింగుకి. వీళ్ళకి ఎంతో నాకూ అంతే. పెట్టని రోజు నా మూకుడు పొయ్యెక్కదు."

రఘు పుస్తకం కాటా పక్కన పెట్టాడు. ఫోన్ తీశాడు. బొటనవేలితో అంకెలు నొక్కాడు. చెరిపి మళ్ళీ నొక్కాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో అతను ఈ లెక్క వేయడం వినీల చూడలేదు. అతని పెదాలు కదులుతున్నాయి. ముప్పై నాలుగు. ముప్పై ఆరు. మూడోసారి కూడా అదే వచ్చినట్టుంది. మొహంలో రక్తం లేదు.

"అలా రాస్తే..." అన్నాడు. "అలా రాస్తే తిరువూరు కొట్టు కూడా నష్టమేగా!"

"పదేళ్ళ నుంచీ నష్టమేనండీ" అంది వినీల. "నేను పూడుస్తూ వచ్చాను."

రఘు పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. తరవాత వంగి పుస్తకంలో రాశాడు. వినీల మెడ సాచి చూసింది. "ఇంటిది, 26 కిలోలు" అని ఉంది. ఆమె అతని చేతిలోంచి పెన్ను తీసుకుంది. మొదటి మాట కొట్టేసి తన పేరు రాసింది. పక్కన ఊరు కూడా రాసింది. అందరి పేర్ల పక్కనా ఊళ్ళున్నాయి మరి. ఎర్రటి వేలిముద్ర కాగితం మీద పడింది. తుడవలేదు.

గోతాం కాటా మీద నుంచి దించి పక్కన పెట్టింది. పెన్ను అతనికి తిరిగి ఇవ్వలేదు.

"రెండు" అంది. "తిరుపతమ్మా, నీది పెట్టు."